మా కుందేలు నోటి నుంచి ఇల్లు దక్కించుకున్న వైనం

సున్నుండ మా ఇంటికి వచ్చింది 2025 ఏప్రిల్ చివర్లో. రెండు నెలల పిల్ల అని దుకాణంలో చెప్పారు. దోరగా వేయించిన మినప్పిండి రంగులో ఉందని మా అబ్బాయి ఆ పేరు పెట్టాడు. ఆడదో మగదో దుకాణంలో ఎవరికీ తెలియదు. డాక్టరు చెప్పేదాకా మాకూ తెలియదు. మొదటి నెలన్నర అంత నెమ్మదైన ప్రాణి మరొకటి ఉండదనిపించింది. పంజరం తలుపు బార్లా తీసి పెట్టినా మూల వదిలేది కాదు. జూన్‌లో బడులు తెరిచారు, మా అబ్బాయి బడికి వెళ్లడం మొదలుపెట్టాడు, సున్నుండ హాల్లోకి రావడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి డిసెంబరు దాకా జరిగింది రాస్తున్నాను. హైదరాబాద్‌లో రెండు పడకగదుల అద్దె ఫ్లాటు, కుందేలంటే కూరే తప్ప పెంపకం ఎరగని బంధువర్గం, ఇదీ మా పరిస్థితి.

మొదట పోయింది మావారి ఫోను చార్జర్. ఎలుక కొరికితే గాట్లు, రాలిన పొట్టు కనిపిస్తాయి. కుందేలు పని అలా ఉండదు. కత్తెరతో కత్తిరించినట్టు ఒక్క కోత, రెండు ముక్కలు, అంతే. మేం అదే గదిలో కూర్చుని ఉన్నాం, చప్పుడు కూడా వినపడలేదు. ఆ వారంలోనే అబ్బాయి ఇయర్‌ఫోన్లు, ఆ తర్వాత టీవీ రిమోట్. రిమోట్ సంగతి విచిత్రం. ప్లాస్టిక్ జోలికి పోకుండా రబ్బరు బటన్లు మాత్రం ఒలుచుకుంది. అన్నీ కూడా కాదు. ఇప్పటికీ మా రిమోట్‌తో శబ్దం పెంచవచ్చు, తగ్గించాలంటే లేచి వెళ్లాలి.

జూన్ నెలాఖరులో ఒక శుక్రవారం సాయంత్రం ఇంటర్నెట్ పోయింది. తీరా చూస్తే గోడ వారగా వచ్చే సన్నటి ఫైబర్ వైరు తెగి ఉంది. ఫిర్యాదు ఇస్తే మనిషి వచ్చింది సోమవారం మధ్యాహ్నం. ఈలోగా మావారు ఆఫీసు పనంతా ఫోను డేటాతో నెట్టుకొచ్చారు, కుందేలుతో మాట్లాడడం మానేశారు. వచ్చినతను తెగిన కొస చూసి నవ్వలేదు. "ఇందులో ఉండేది గాజు పోగు మేడమ్. ముక్క ఏదైనా కడుపులోకి పోయిందేమో చూసుకోండి" అన్నాడు. ఆ మాటతో రెండు రోజులు దాని పెంటికలు తప్ప నా కళ్లకు మరేమీ కనిపించలేదు. గుండ్రంగా, ఎండుగా, ఎప్పటిలాగే ఉన్నాయి. వైరు మార్చినందుకు 600 రూపాయలు.

ఇక సలహాలు మొదలయ్యాయి. అత్తయ్య వేపనూనె రాయమన్నారు. పై అంతస్తు ఆవిడ మిరప్పొడి కలిపిన నీళ్లు చల్లమన్నారు. పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణంలో చేదు స్ప్రే అని 450 రూపాయల సీసా అంటగట్టారు. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు ఎవరి మందు మీద వారికి గురి. మిరప్పొడికి మాత్రం నేను ఒప్పుకోలేదు. క్షణం ఆగకుండా ముక్కు కదిలించే జీవి అది, ఘాటు నేరుగా ముక్కులోకి, కళ్లలోకి పోతుంది. వేపనూనె రాశాం. ఆ వాసన మేమే భరించలేకపోయాం, అది మాత్రం నూనె రాసిన వైరునే ఏరుకుని కొరికింది. చేదు స్ప్రే ఒకటి రెండు రోజులు పనిచేసినట్టే కనిపించింది. తర్వాత చూస్తే, స్ప్రే కొట్టిన సోఫా కాలును తీరిగ్గా నాకుతోంది. ఆకూ అలమూ తినే జంతువుకు చేదు కూడా ఒక రుచేనని, కొన్ని కుందేళ్లు వెనక్కి తగ్గుతాయి, కొన్ని తగ్గవని తర్వాత డాక్టరు చెప్పారు. మాది తగ్గని రకం.

కోప్పడి కూడా చూశాం. గట్టిగా అరిస్తే వెనక కాలితో నేలను దబ్బున కొట్టి మంచం కిందికి పోయేది. నేను వంటింట్లోకి అడుగుపెట్టగానే వదిలిన చోటి నుంచి మళ్లీ మొదలు. రెండు మూడు సార్లు అలా అరిచాక, నేను దగ్గరికి వెళ్తేనే బెదిరిపోవడం మొదలుపెట్టింది. వైరును చూసి బెదరలేదు. దాంతో అరవడం ఆపేశాను.

జూలై మొదటి వారంలో ఫ్రిజ్ వెనక తుడుస్తుంటే కనిపించింది. కరెంటు వైరు నల్లటి పైతొడుగు బొటనవేలి మేర ఊడిపోయి, లోపలి గోధుమ, నీలం, పచ్చ రంగు తీగలు బయటపడ్డాయి. గోధుమరంగు తీగ మీద పక్కపక్కనే రెండు సన్నటి పంటి గాట్లు. రాగి ఇంకా కనిపించడం లేదు, అంతే తేడా. మెయిన్ స్విచ్ ఆపేసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అప్పటిదాకా ఇది డబ్బు నష్టం అనుకుంటూ వచ్చాం. ఆ రోజు సాయంత్రం దాన్ని పంజరంలో పెట్టి తాళం వేస్తే రాత్రంతా కమ్మీలు పట్టుకుని లాగింది. పళ్లు ఇనుముకు తగిలే ఆ చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "ఎలుకలా అక్కా?" అన్నాడు. కుందేలని చెప్పి చూపించాను. కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. "మా ఊళ్లో వల వేసి పడతాం. మీరు దీని కోసం పైపులు వేయిస్తున్నారా!" అని నవ్వుతూనే పని మొదలుపెట్టాడు. నేల దగ్గరగా ఉన్న వైర్లన్నీ గట్టి పీవీసీ కేసింగ్‌లోకి పోయాయి. ఫ్రిజ్, వాషింగ్ మిషన్ వైర్లకు మందపాటి పైపు తొడిగాడు. ఆన్‌లైన్‌లో నేను తెప్పించిన చుట్టలు చుట్టలుగా ఉండే పల్చటి తొడుగు ఒకటుండేది, దాన్ని సున్నుండ అప్పటికే ముక్కలు చేసింది కాబట్టి దాని ఊసెత్తను. కొనేవాళ్లు గోటితో నొక్కి చూడండి, గోరు దిగితే పన్ను కూడా దిగుతుంది. ఎంత ఎత్తుదాకా కేసింగ్ వేయాలో తేల్చడానికి కొత్తిమీర కట్ట చూపించాం. వెనక కాళ్ల మీద నిలబడి అడుగున్నర అందుకుంది. సోఫా పక్కన మాత్రం సోఫా ఎత్తు కూడా కలుపుకోవాలి.

మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. కరెంటు ఒంట్లోంచి నేలకు పోతే అది క్షణంలో ఆపేస్తుంది. "అయినా దీన్ని నమ్ముకుని వైర్లు వదిలేయకండి అక్కా. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి నోట్లో పడితే దీనికి తెలియదు" అని హెచ్చరించి వెళ్లాడు. సామాను, కూలీ కలిపి 4,200 అయింది. ఇంటి యజమానికి ముందే ఫోను చేసి చెప్పాం. కరెంటు పని కాబట్టి అభ్యంతరం లేదన్నారు. కుందేలు మాట మేం ఎత్తలేదు, ఆయన అడగలేదు.

డాక్టరు దొరకడం ఇంకో కథ. మా చుట్టుపక్కల రెండు మూడు చోట్ల కుక్కలు, పిల్లులే చూస్తామన్నారు. ఒకచోట బల్ల మీద పెట్టి బరువు తూచి, "పళ్లు కత్తిరించేద్దామా?" అని అడిగారు. వద్దని వచ్చేశాం. కుందేళ్లను చూసే డాక్టరు ఊరికి ఆ చివర దొరికారు, పది రోజుల తర్వాతకు సమయం ఇచ్చారు. జూలై చివర్లో వెళ్లాం. ఫీజు 700. అట్టపెట్టెలో పెట్టి తీసుకెళ్తే దారిలోనే పెట్టెకు కిటికీ పెట్టుకుంది.

డాక్టరుగారు దాని పైపెదవిని వేలితో పక్కకు తీసి చూపించారు. ముందు రెండు పెద్ద పళ్లు, వాటి వెనక నక్కి మేకుల్లాంటి ఇంకో రెండు చిన్న పళ్లు. ఎలుకకు ఆ రెండో జత ఉండదట, కుందేలు ఆ జాతి కాదట. చిన్న లైటు పెట్టి దవడ పళ్లు కూడా చూశారు. మొత్తం 28. అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందుపళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. సున్నుండ పళ్లు చక్కగా ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటున్నాయి, కోయాల్సిన పనే లేదన్నారు. ఆడపిల్ల అని తెలిసింది కూడా అప్పుడే.

నేను కొరికిన వస్తువుల జాబితా చదువుతుంటే ఆవిడ మధ్యలో ఆపి ప్రశ్నలు వేశారు. ఏ వేళలో కొరికింది? ఒక్క కోత కోసి వదిలేసిందా, గంటల తరబడి గీకిందా, పీకి నోట కరుచుకుపోయిందా? నాకు తెలియదు. తెలుసుకోమన్నారు. ఇంటికి వచ్చి వంటింటి క్యాలెండరు మీద, పాల లెక్క పక్కనే ఇది కూడా రాయడం మొదలుపెట్టాను. ఇంత డబ్బు పోశాం కానీ, మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది పైసా ఖర్చు లేని ఆ రాత. రెండు వారాలు గడిచేసరికి మా కుందేలు కొరుకుడు ఒక్కటి కాదని, మూడు రకాలని తేలింది. తను నడిచే దారికి అడ్డంగా ఉన్న వైరు అయితే ఒక్క కోత. బొరియలో వేర్లు అడ్డొస్తే కోసి దారి చేసుకునే బుద్ధి అది. మిట్టమధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఆరు తర్వాత సోఫా కాళ్లు, తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో మా పడకగది ద్వారబంధం, ఇది తీరిగ్గా గీకడం. మూడోది చాపలు, దుప్పట్ల అంచులు పీకడం. దానికి వేళాపాళా లేదు. వైర్ల పని కేసింగ్‌తో పూర్తయింది. మిగిలినవి రెండు.

సోఫా కాళ్ల రోగానికి మందు గడ్డి. దుకాణంలో చెప్పినట్టు గిన్నె నిండా గుళికల దాణా, పైన క్యారెట్ పెట్టేవాళ్లం. అది పది నిమిషాల్లో ఊడ్చేసి, మిగతా రోజంతా నోరు ఖాళీగా తిరిగేది. దాణా రోజుకు రెండు చెంచాలకు తగ్గించి, క్యారెట్ ఎప్పుడో ఒక ముక్క ఇచ్చి, ఎండుగడ్డి మాత్రం ఇరవై నాలుగు గంటలూ ముందు ఉంచమన్నారు. దవడ పళ్లు పక్కకు జరుగుతూ గడ్డిని నూరితేనే అరుగుతాయట. టిమోతీ గడ్డి తెప్పిస్తే కిలో 850 రూపాయలు! సన్నబియ్యం కంటే ఎన్ని రెట్లో మావారు లెక్క వేసి వినిపించారు. అంత పోసి కొన్న గడ్డిని సున్నుండ మూతి కూడా పెట్టకుండా వదిలేసింది. అత్తయ్యకు దాని ధూళికి తుమ్ములు.

వారం చూసి ఫోను చేస్తే డాక్టరుగారు చెప్పిన కిటుకు నాకు మొదట నచ్చలేదు. గడ్డిని మల విసర్జన చేసే ట్రేలోనే ఒక పక్క వేయమన్నారు. కుందేళ్లకు అక్కడ కూర్చుని మేయడం ఇష్టమట. వేశాను. ఆ సాయంత్రమే ట్రేలో బైఠాయించి ఒక్కొక్క పోచ చివర నుంచి లోపలికి లాక్కుంటూ తినడం మొదలుపెట్టింది. ఖర్చు తగ్గించడానికి గరిక కూడా తోడు చేశాం. మందులు కొట్టని చోట కోయించి, కడిగి, నీడన ఆరబెట్టి వేస్తే టిమోతీ కంటే ఇష్టంగా తింటోంది. మేకల మేతగా కట్టలు కట్టి అమ్మే లూసర్న్ చవకే కానీ, అందులో కాల్షియం ఎక్కువ, ఎదిగిన కుందేలుకు రోజూ వద్దన్నారు. పక్కింటి వాళ్ల జామచెట్టు కొమ్మలు కొట్టించినప్పుడు ఒక మోపు తెచ్చుకున్నాను. జామకొమ్మ బెరడు ఒలవడానికి దానికి గంట పడుతుంది. అట్టపెట్టెలు కూడా ఇస్తాం, టేపు, పిన్నులు పీకేసి. ఆగస్టు సగానికి సోఫా వంక చూడడం మానేసింది. గడ్డి పోచలు మాత్రం పూజ గదితో సహా ఇంట్లో అన్ని చోట్లా దొరుకుతాయి. దీనికి మందు లేదు.

ద్వారబంధం అంత తేలిగ్గా వదల్లేదు. అది టేకు, పైగా యజమానిది. తెల్లవారుజామున తలుపు మూసి ఉంటే గీకుతుంది. చప్పుడుకు నేను లేచి, గొణుక్కుంటూ గిన్నెలో నాలుగు గుళికలు వేసి పడుకునేదాన్ని. గీకితే తిండి వస్తుందని దానికి లెక్క తెలిసిపోయింది. రాత్రి పదకొండుకు ట్రే నిండా గడ్డి వేసి, దాణా పొద్దున ఏడు తర్వాతే వేయడం మొదలుపెట్టాం. మొదటి వారం నరకం. ఇంకా ఎక్కువ గీకింది. హార్డ్‌వేర్ దుకాణం నుంచి అల్యూమినియం యాంగిల్ తెచ్చి ద్వారబంధం అంచుకు రెండడుగుల మేర బిగించాక, పన్ను దిగక వదిలేసింది. కొలత ప్రకారం కోయించి బిగించడానికి 380 రూపాయలు.

చాపల సంగతి నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆగస్టు మూడో వారంలో దుప్పటి అంచు పీకి, ఆ పీలికలతో పాటు గడ్డి నోటి నిండా మీసాల్లా కరుచుకుని మంచం కిందికి పరుగులు పెడుతోంది. ఒక ఉదయం చూస్తే తన గుండె మీది బొచ్చు తానే పీకి కుప్ప పోసింది. ఒంటి కుందేలు, మగతోడు లేదు. ఏదో జబ్బనుకుని ఏడుపొచ్చింది. ఫోటో పంపితే డాక్టరుగారు తేలిగ్గానే చెప్పారు. కడుపు రాకపోయినా వచ్చినట్టు ఒళ్లు నమ్మేస్తుంది, ఆ భ్రమ పదహారు నుంచి పద్దెనిమిది రోజులు ఉంటుంది, ఆ చివర్లో గూడు కట్టుకుంటుంది, తర్వాత మామూలే. ఆ గూడు పీకేయకుండా పాత నూలు చీర ముక్క ఒకటి ఇచ్చేశాను. మళ్లీ మళ్లీ వస్తుందని, అండాశయాలు, గర్భసంచి తీసే ఆపరేషన్ చేయిస్తే ఆగుతుందని, చేయించని ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువని అన్నారు.

ఇంతలో ఆగస్టు 27న వినాయక చవితి. పత్రి బుట్ట నేల మీద పెట్టి అత్తయ్య పీట కడుగుతున్నారు. బుట్టలో గరిక, రేగు, తులసితో పాటు ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. దేవుడికి ఇరవై ఒక్క పత్రాలూ సమానమే, కుందేలుకు ఆ మూడూ విషం. అబ్బాయి చూసి కేక వేసేసరికి దాని నోట్లో ఒక ఆకు కొస ఉంది. లాగి చూస్తే మామిడాకు. ఆ రోజు నేను చేసిన పూజలో భక్తి ఎంతో, వణుకు అంత. కుందేలున్న ఇంట్లో పత్రి బుట్ట కొక్కేనికి వేలాడాలి.

ఆపరేషన్‌కు మూడు వారాలు ఎదురుచూశాక, దసరా వెళ్లాక, అక్టోబరు రెండో వారంలో తేదీ దొరికింది. 20న దీపావళి, టపాసుల మోత మొదలయ్యేలోగా కోలుకోవాలని మా తొందర. ముందురోజు క్లినిక్ నుంచి ఫోను చేసిన అమ్మాయి, రాత్రి నుంచి ఏమీ పెట్టవద్దని చెప్పింది. నాకు అనుమానం వచ్చి డాక్టరుగారినే అడిగాను. "కుక్కలకు చెప్పే మాట అలవాటుగా చెప్పేసింది. కుందేలు వాంతి చేసుకోలేదు, కడుపు ఖాళీగా ఉంచితే పేగుల కదలిక ఆగి ప్రాణం మీదికి వస్తుంది. గడ్డి పెడుతూనే ఉండండి, వచ్చేటప్పుడు కూడా తీసుకురండి" అన్నారు. ఆపరేషన్ చేయించబోయేవాళ్లు ఈ ఒక్క మాట డాక్టరు నోటి నుంచే వినండి.

పొద్దున తొమ్మిదికి అప్పగించాం. మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోయిందని ఫోను. సాయంత్రం ఇంటికి తెచ్చాం. వైర్లు కోసే పళ్లకు కుట్లొక లెక్కా అని దారి పొడవునా భయపడ్డాను. చర్మం లోపలే కలిసిపోయే కుట్లు వేశారట, బయట దారం కొస కనిపించదు. ఆ రాత్రి అది మూలన ముడుచుకుని కూర్చుంది, కొత్తిమీర పెట్టినా తల తిప్పుకుంది. సూది తీసేసిన సిరంజితో పొడి కలిపిన జావ కొద్దికొద్దిగా పట్టాను, సగం నా చీర మీదే పోయింది. నొప్పి మందు చుక్కలు పోశాను. పొద్దుటికి తినకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు. వేకువన నేను కునుకు తీస్తుంటే కరకర చప్పుడు. పక్కన పెట్టిన డిశ్చార్జి కాగితం అంచు నములుతోంది. అది కొరికినందుకు నేను సంతోషించిన వస్తువు అదొక్కటే. పెంటికలు ఇంకో గంటకు వేసింది, చిన్నవి. మందులతో కలిపి ఖర్చు 8,500.

ఆపరేషన్ అవగానే మారిపోతుందనుకోకండి. ఒంట్లో హార్మోన్లు సద్దుమణగడానికి నెలా నెలన్నర పడుతుంది. నవంబరులో కూడా ఒక తలగడ గలీబు పోయింది. డిసెంబరుకు బొచ్చు పీకడం, చాపలు లాగడం పూర్తిగా ఆగాయి. ఇప్పటికీ దినపత్రిక నేల మీద వదిలితే అంచులు ఉండవు, హాలు మూలన సున్నం రాలిన చోట గోడను రుచి చూస్తూ ఉంటుంది. అక్కడ ఒక పలకరాయి ఆనించాం.

డిసెంబరు చివర్లో ఇంటి యజమాని అద్దె పెంపు మాట్లాడడానికి వచ్చారు. సున్నుండ ఆయన చెప్పుల దగ్గరికి వెళ్లి వాసన చూసింది. మావారు చెప్పులు తీసి పైన పెట్టారు. ఆయన పడకగది ద్వారబంధం దగ్గర ఆగి, అల్యూమినియం పట్టీని వేలితో తట్టి, పై అంచున మిగిలిన గాట్లు చూశారు. వడ్రంగిని పిలిపించి గాట్లు పూడ్పించి పాలిష్ పెట్టిస్తే 1,800 అయింది, మేమే ఇచ్చాం. పట్టీ మాత్రం ఆయనకు నచ్చింది. చెదలు పట్టినా తట్టుకుంటుందని ఆయన నమ్మకం. మిగతా ద్వారబంధాలకు కూడా అలాగే వేయించమన్నారు, మా ఖర్చుతోనే.